ఇంటి గుట్టు.. నలుపు తెలుపుల్లో!

"బొమ్మల కథలా? పిల్లలకివ్వండి, చదువుకుంటారు!"

ఇది మనలో చాలామంది అనే మాటే. చందమామ చదివి పెరిగినవాళ్లం కూడా పెద్దయ్యాక చేతిలో బొమ్మల పుస్తకం పట్టుకుంటే ఎవరైనా నవ్వుతారేమోనని మొహమాటపడతాం. కథ పెద్దలది, బొమ్మ పిల్లలది అని ఎప్పుడో గీత గీసేసుకున్నాం.

ఆ గీతను చెరిపేసిన ఆడవాళ్లలో మర్జానె సత్రపి ఒకరు. పుట్టింది ఇరాన్‌లో. బొమ్మలు గీసింది ఫ్రాన్సులో. చెప్పిన కథ మాత్రం తన ఇంటిది.. అమ్మది, నాన్నది, బామ్మది, బాబాయిది, ముఖ్యంగా తనది. 'పర్సెపోలిస్' అనే పేరుతో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చిన ఆ పుస్తకంలో రంగులుండవు. నలుపూ తెలుపే. రాజులు, రాక్షసులు, గాల్లో ఎగిరే వీరులు కూడా ఉండరు. ఒక అమ్మాయి ఉంటుంది. తలమీద ముసుగు, మూతి ముడిచిన మొహం, నోటినిండా ప్రశ్నలు.

ఇంటి గుట్టు లంకకు చేటని మనకో సామెత. మర్జానె ఆ గుట్టునే బొమ్మలుగా గీసింది. లంక మాట దేవుడెరుగు, ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఆ ఇంట్లో తమ ఇల్లు చూసుకున్నారు. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు ఆ ఇంట్లోకి వెళ్లాలి.

ముసుగుతో తాడాట

మర్జానె 1969 నవంబరు 22న రష్త్ పట్టణంలో పుట్టింది. పెరిగింది టెహరాన్‌లో. చదువుకున్న కుటుంబం, అభిప్రాయాలున్న కుటుంబం. అమ్మ తాజీ, నాన్న షా పాలనకు వ్యతిరేకంగా ఊరేగింపులకు వెళ్లేవారు. అమ్మ తరఫు తాతగారిది ఖజార్ రాజవంశం. అయినా కమ్యూనిస్టుగా మారి జైలుపాలయ్యాడాయన. అలాంటి ఇంట్లో భోజనాల దగ్గర పిల్ల ముందు అన్ని సంగతులూ మాట్లాడుకునేవారు. పిల్ల వినేది. అర్థమైనవీ కానివీ కలిపి తన కథ తాను అల్లుకునేది. పెద్దయ్యాక ప్రవక్తనవుతానని కూడా అనుకుందట!

1979లో విప్లవం వచ్చింది. షా వెళ్లిపోయాడు. ఊపిరి పీల్చుకుందామనుకునేలోగా మతపెద్దల పాలన మొదలైంది. 1980లో బడిలో ఆడపిల్లలకు ముసుగు తప్పనిసరి చేశారు. మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ విడదీశారు. 'పర్సెపోలిస్' మొదలయ్యేది ఇక్కడే. పదేళ్ల పిల్లలకు ముసుగెందుకో తెలియదు. దాన్ని తాడుగా చేసి బడి ఆవరణలో గెంతుతూ ఆడుకుంటారు. ఒక చట్టం పిల్లల ఆటస్థలంలోకి ఎలా వచ్చి పడిందో చెప్పడానికి ఆమెకు ఒక్క బొమ్మ చాలింది.

అనూష్ అని ఓ బాబాయి. షా కాలంలో తొమ్మిదేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. కొత్త పాలకులు మళ్లీ పట్టుకున్నారు. చనిపోయేముందు ఒక్కరినే చూడనిస్తామంటే ఆయన అడిగింది ఈ చిన్నపిల్లనే. జైల్లో రొట్టె ముద్దతో చేసిన హంసబొమ్మ ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత ఆయన్ని చంపేశారు.

1980లోనే ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. ఎనిమిదేళ్లు సాగింది. పేదింటి మగపిల్లలకు బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ తాళంచెవులు పంచారు, యుద్ధంలో చనిపోతే స్వర్గం తలుపు తెరుచుకుంటుందని చెప్పి. వాళ్లింట్లో పనిచేసే ఆవిడ కొడుక్కీ అలాంటి తాళం వచ్చింది. అదే రోజుల్లో మర్జానె చిరుగుల స్వెట్టరు వేసుకుని స్నేహితురాళ్లతో పాటలకు గంతులేసింది. ఈ రెండింటినీ ఆమె ఒకే పేజీలో పక్కపక్కన గీసింది. పైన మందుపాతరల మీద ఎగిరిపడుతున్న పిల్లలు, కింద గెంతుతున్న పిల్లలు. పనిమనిషి కొడుక్కి ఒక బాల్యం, తనకు ఒక బాల్యం అని ఒప్పుకోవడం సులభమా చెప్పండి?

మల్లెల వాసన

మర్జానె నోరు ఊరుకునేది కాదు. దేశంలో రాజకీయ ఖైదీలు లేరని టీచరు చెబితే, మా బాబాయిని చంపింది ఎవరని లేచి అడిగింది. తల్లి గుండెలు గుభేలుమన్నాయి. ఆడపిల్లను జైల్లో పెడితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. చివరికి 1984లో పద్నాలుగేళ్ల కూతుర్ని ఒంటరిగా ఆస్ట్రియాలోని వియన్నాకు చదువుకు పంపారు.

వెళ్లే ముందు రాత్రి బామ్మ పక్కన పడుకుంది. ఆ బామ్మకో అలవాటుంది. పొద్దున్నే మల్లెపూలు కోసి రొమ్ముల మధ్య దోపుకునేది. జడలో తురుముకునే మనకు అది కొత్తగా ఉన్నా, ఆ వాసన ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు కదా! పక్కలో ఆ పరిమళం, చెవిలో ఆవిడ హితవు.. ఎవరెంత బాధపెట్టినా మనసులో విషం పెట్టుకోవద్దు, నీ మర్యాద పోగొట్టుకోవద్దు, నీకు నువ్వు నిజాయితీగా ఉండు అని. మిగతా కథంతా ఈ మాటకు పరీక్షే.

విమానాశ్రయంలో నవ్వుతూనే సాగనంపారు. వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే బాగుండేది. చూసింది. తల్లి స్పృహతప్పి తండ్రి చేతుల్లో వాలిపోయి ఉంది.

వియన్నాలో ఏ ఇల్లూ ఆమెకు నిలవలేదు. అమ్మ స్నేహితురాలి ఇంట్లో కొన్నాళ్లు, సన్యాసినుల హాస్టల్లో కొన్నాళ్లు, తర్వాత ఎక్కడెక్కడో. ఒకసారి ఎవరో ఏ దేశమని అడిగితే ఫ్రెంచి పిల్లనని అబద్ధమాడింది. ఆ రాత్రి బామ్మ మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ప్రేమ బెడిసింది. ఇంటావిడ దొంగతనం అంటగట్టింది. నడిచలికాలంలో నెలల తరబడి రోడ్ల మీదే గడిపింది. నెత్తురు కక్కుకుంటూ ఆసుపత్రిలో తేలింది. అప్పుడు ఇంటికి ఫోను చేసి, వచ్చేస్తాను, ఏమీ అడక్కండి అంది. వాళ్లు అడగలేదు కూడా. యుద్ధం చూసినవాళ్ల ముందు నా కష్టం ఏపాటిదని ఆమె చెప్పుకోలేకపోయింది. ఆ మౌనం ఆమెను కుంగదీసింది. చచ్చిపోదామని కూడా ప్రయత్నించింది. బతికాక, సరే, బతకమనే రాసిపెట్టి ఉంది, అయితే సరిగా బతుకుతాననుకుని లేచింది.

తలుపు చూస్తూ మనిషి బొమ్మ!

టెహరాన్‌లో ఆర్ట్ కాలేజీ ప్రవేశ పరీక్ష. మైఖెలాంజెలో చెక్కిన ప్రసిద్ధ శిల్పం ఒకటుంది, చనిపోయిన కొడుకును ఒడిలో పెట్టుకున్న తల్లి మేరీది. మర్జానె దాన్నే గీసింది. కానీ తల్లికి నల్ల చాదర్ కప్పింది, కొడుక్కి సైనికుడి దుస్తులు వేసింది. సీటు వచ్చింది!

లోపల చదువు ఇంకో తమాషా. మనిషి శరీరాన్ని గీయడం నేర్పే తరగతిలో మోడల్‌గా వచ్చిన స్త్రీ నిలువెల్లా చాదర్‌లో ఉంటుంది. కనిపించేవి బట్ట మడతలే. ఎన్నిసార్లు గీసినా అవే మడతలు! పోనీ మగ మోడల్ని గీద్దామంటే, పర్యవేక్షకుడు వచ్చి మగవాణ్ని అలా చూడకూడదన్నాడు. మరి తలుపు చూస్తూ ఈయన బొమ్మ గీయాలా అని ఈమె ఎదురడిగింది. ఆయన అవుననే అన్నాడట!

ఈ రోజుల్లోనే ఆమె ఓ తప్పు చేసింది. పెదాలకు రంగు వేసుకుని వీధిలో నిలబడి ఉండగా నీతి కాపలాదారుల బండి వచ్చింది. తాను తప్పించుకోవడానికి, మెట్ల మీద ఊరికే కూర్చున్న ఓ అమాయకుణ్ని చూపించి, అసభ్యంగా మాట్లాడాడని చెప్పింది. అతన్ని పట్టుకుపోయారు. ఆ సంగతి బామ్మకు నవ్వుతూ చెబితే ఆవిడ నవ్వలేదు. జీవితంలో మొదటిసారి మనవరాలి మీద గట్టిగా అరిచింది. ఆ తర్వాత కాలేజీ సభలో, ఆడపిల్లల దుస్తుల మీద కొత్త ఆంక్షలు పెడుతుంటే మర్జానె లేచి నిలదీసింది. మగవాళ్లు ఇరుకు బట్టలు వేసుకుంటే మాకేమీ కాదా అన్నది ఆమె ప్రశ్నల్లో ఒకటి. అప్పుడు గానీ బామ్మ కోపం తగ్గలేదు.

సభలో ధైర్యంగా మాట్లాడిన సంగతి ఎవరైనా రాసుకుంటారు. అమాయకుణ్ని ఇరికించిన సంగతి? దాన్ని ఆమె దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా గీసింది. ఈ పుస్తకానికి విలువ వచ్చింది అక్కడే అనిపిస్తుంది.

ఇరవై ఒక్కేళ్లకు ప్రేమించినవాడితో పెళ్లి. పెళ్లి కాకుండా కలిసి తిరగలేని చోట అదొక్కటే దారి. మూడేళ్లకు విడాకులు. 1994లో ఫ్రాన్సు ప్రయాణం. ఈసారి తల్లిదండ్రులు కూడా ఇక తిరిగి రావద్దనే చెప్పి పంపారు. బామ్మ 1996 జనవరిలో కన్నుమూసింది. ఆ మల్లెల వాసన దగ్గరికి మళ్లీ వెళ్లగలిగింది ఒక్కసారే.

సొంత గూడు కట్టుకున్న చిత్రకారులు

స్ట్రాస్‌బూర్గ్‌లో కళల చదువు ముగించి పారిస్ చేరింది. పిల్లల కథలు రాసి బొమ్మలు వేసి ప్రచురణకర్తలకు పంపేది. తిరుగుటపాలో 'వద్దు' అనే ఉత్తరాలు! ఆ రోజుల్లో ఆమె చేతికి వచ్చిన ఓ పుస్తకం దారి చూపింది. ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు గీసిన 'మౌస్'. హిట్లర్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథను ఆయన ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పాడు. ఇంత పెద్ద విషాదాన్ని బొమ్మల కథలో చెప్పొచ్చా అని ఆమె ఆశ్చర్యపోయింది.

పారిస్‌లో కొందరు చిత్రకారులు కలిసి పనిచేసే ఓ స్టూడియోలో చోటు దొరికింది. మర్జానె ఇరాన్ కబుర్లు చెబుతుంటే వాళ్లు పని మానేసి వినేవారు. ఇవన్నీ గీయొచ్చు కదా అని వెంటపడ్డారు. వాళ్లలో దవీద్ బే ఒకరు. అన్నకొచ్చిన మూర్ఛవ్యాధి వల్ల తమ కుటుంబం పడ్డ అవస్థలను ఆయన నలుపు తెలుపు బొమ్మల్లో గీస్తున్నాడప్పుడు. అంటే ఆయనదీ ఇంటి గుట్టే!

దవీద్ బే మరికొందరు చిత్రకారులతో కలిసి 1990లో 'లాసోసియాసియో' అనే చిన్న ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. ఆ ఫ్రెంచి మాటకు అర్థం 'సంఘం' అని. ఫ్రాన్సులో అప్పటికి బొమ్మల పుస్తకమంటే ఓ లెక్క ఉండేది. పెద్ద సైజు, గట్టి అట్ట, రంగులు, సుమారు నలభై ఎనిమిది పేజీలు, మార్కెట్లో ఆడే హీరో. ఈ సంఘం వాళ్లు ఆ లెక్క మాకొద్దన్నారు. కథ ఎన్ని పేజీలడిగితే అన్ని పేజీలు. రంగు లేకపోయినా ఫరవాలేదు. ఏం గీయాలో గీసేవాళ్లే నిర్ణయించుకుంటారు. 'స్వతంత్ర' చిత్రకారిణి అంటే ఇదే. పెద్ద కంపెనీ ఇచ్చిన పాత్రకు జీతానికి బొమ్మలు గీయడం కాదు. కథా, బొమ్మా, మాటా అన్నీ తనవే. బాగుంటే పేరు తనది, బాగాలేకపోతే తప్పూ తనదే.

'పర్సెపోలిస్' మొదటి భాగం 2000లో ఈ సంస్థ నుంచే వచ్చింది. మరుసటి ఏడాది అంగులేమ్ పట్టణంలో జరిగే బొమ్మల కథల ఉత్సవంలో బహుమతి గెలుచుకుంది. తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తెలుగులో కూడా వచ్చింది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా.

రంగులెందుకు లేవంటారా? మంచి నల్లని సిరాతో దిద్దిన ఆ బొమ్మల్లో చాదర్‌లన్నీ కలిసి ఒకే నల్లటి ముద్దలా కనిపిస్తాయి. అందులో ప్రతి మొహానికీ కనుబొమ్మల దగ్గరో మూతి దగ్గరో ఓ చిన్న గీత తేడా. అందరికీ ఒకే ముసుగు వేసినా ఏ ఇద్దరూ ఒకటి కాదని ఆ చిన్న గీతే చెబుతుంది. పైగా ముక్కూ మొహం అంత సాదాగా గీసినప్పుడు ఆ పిల్ల ఇరాన్ పిల్లగానే మిగిలిపోదు. చదివే ఎవరింటి పిల్లైనా అయిపోతుంది.

భోజనాలయ్యాక కబుర్లు

2003లో వచ్చిన ఇంకో పుస్తకం పేరు 'బ్రోద్రీ', అంటే ఎంబ్రాయిడరీలు. మగవాళ్లు భోంచేసి కునుకు తీస్తుంటారు. ఆడవాళ్లు సామోవర్‌లో టీ కాచుకుని కూర్చుంటారు. ఇక మొదలు! ఎవరి మొగుడు ఎలాంటివాడు, ఎవరికి ఎవరితో ఏం జరిగింది, పదమూడేళ్లకే ముసలాడికిచ్చి పెళ్లి చేస్తే ఎలా పారిపోయింది.. నవ్వులూ కన్నీళ్లూ కలిపి చెప్పుకుంటారు. పేరులో కొంటెతనం ఉంది. కన్యత్వం పోయిందని భయపడే అమ్మాయిలు పెళ్లికి ముందు చేయించుకునే శస్త్రచికిత్సను వాళ్లు అనుకునే మాట అది. ఒక చిన్న కుట్టు మీద ఎన్ని జీవితాలు ఆధారపడి ఉన్నాయో! ఆడవాళ్ల 'ఊసుపోని కబుర్లు' అని మనం తీసిపారేసేవాటిలో ఎంత చరిత్ర ఉంటుందో ఈ చిన్న పుస్తకం చూపిస్తుంది.

2004లో వచ్చిన పుస్తకం పేరు వింటే మన వంటింటికి దగ్గరగా ఉంటుంది, 'ఆల్‌బుఖారా పండ్లతో కోడికూర' అని చెప్పుకోవచ్చు. ఆమె బంధువైన ఓ సంగీతకారుడు, భార్య కోపంలో తన వాద్యం విరగ్గొట్టేసిందని బతకడమే మానుకున్న కథ. ఆ కూర ఆయనకు ఇష్టమైన వంటకం. దానికి 2005లో అంగులేమ్‌లో ఉత్తమ పుస్తకం బహుమతి వచ్చింది.

తెర మీదా తన మాటే

'పర్సెపోలిస్' పేరు మోగాక సినిమావాళ్లు రాకుండా ఉంటారా? తారల్ని పెట్టి తీస్తామన్నవాళ్లూ ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తీస్తే బొమ్మలతోనే, నలుపు తెలుపుల్లోనే, చేత్తో గీసే పద్ధతిలోనే అంది. చిత్రకారుడు వాంసాఁ పరోనోతో కలిసి తానే దర్శకత్వం వహించింది. తల్లి పాత్రకు ప్రసిద్ధ నటి కాత్రిన్ దెనవ్ గొంతునిచ్చింది. ఆ చిత్రం 2007లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పంచుకుంది. 2008లో ఉత్తమ యానిమేషన్ చిత్రం ఆస్కార్‌కు పోటీలో నిలిచింది. ఆ విభాగంలో నామినేషన్ అందుకున్న మొదటి మహిళ మర్జానెయే. తర్వాత ఆమె ఎక్కువగా సినిమాలవైపు వెళ్లింది. మేరీ క్యూరీ జీవితం మీద 2019లో తీసిన 'రేడియోయాక్టివ్' వాటిలో ఒకటి.

నిజం చెప్పినందుకు పూలదండలే పడలేదు. కాన్‌లో సినిమా ప్రదర్శనపై ఇరాన్ ప్రభుత్వ సంస్థ నిరసన తెలిపింది. బ్యాంకాక్ ఉత్సవంలో కార్యక్రమం నుంచి తీసేశారు. 2011లో ట్యునీషియాలో ఓ టీవీ చానెల్ సినిమాను ప్రసారం చేస్తే అల్లర్లయ్యాయి. చానెల్ అధిపతికి జరిమానా వేశారు. స్వేచ్ఛ గురించి ఎక్కువగా మాట్లాడే అమెరికాలోనూ, 2013లో చికాగో ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి గదుల నుంచి పుస్తకం తీసేయమన్నారు. పిల్లలే ప్లకార్డులు పట్టుకుని అడ్డుపడ్డారు!

2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల యువతి, ముసుగు సరిగా వేసుకోలేదని పట్టుకెళ్లిన పోలీసుల అదుపులో ఉండగా మరణించింది. ఇరాన్ వీధులు భగ్గుమన్నాయి. సినిమాల్లో పడి బొమ్మల కథలకు దూరమైన మర్జానె మళ్లీ ఆ పనిలోకి వచ్చింది. అయితే ఈసారి ఒంటరిగా కాదు. ఎందరో చిత్రకారుల్నీ పాత్రికేయుల్నీ పోగేసి, 'మహిళ, జీవితం, స్వేచ్ఛ' అన్న ఆ ఉద్యమ నినాదమే పేరుగా 2023లో పుస్తకం తెచ్చింది. 2025 జనవరిలో ఫ్రాన్సు ప్రభుత్వం ఇవ్వజూపిన పెద్ద పురస్కారం లెజియన్ దానర్‌ను వద్దంది. ఇరాన్ విషయంలో ఆ దేశం చెప్పేదొకటి, చేసేదొకటని ఆమె ఆక్షేపణ. ఆశ్రయమిచ్చిన ఇంటి తప్పు కూడా దాచలేదన్నమాట!

ఎవరి గుట్టు?

ఇంటి గుట్టు బయటపెట్టడం వేరు, ఇంటిని బజారుకీడ్చడం వేరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో మర్జానెను చదివితే తెలుస్తుంది. ఆమె తల్లిదండ్రులు పుస్తకంలో దేవుళ్లు కారు. కానీ వాళ్ల భయం, వాళ్ల ప్రేమ మనకు అర్థమవుతాయి. అందరికంటే ఎక్కువ తప్పులు చేసేది కథ చెబుతున్న అమ్మాయే. తన తప్పు ముందు పెట్టి ఎదుటివాళ్ల సంగతి చెప్పింది కాబట్టే ఆ మాటకు బరువొచ్చింది.

మన ఇళ్లలోనూ గుట్టులుంటాయి. అమ్మమ్మ చదువు ఎందుకాగిపోయింది, పెద్దత్త పుట్టింటికి ఎందుకు తిరిగొచ్చింది, పిన్ని పేరెత్తితే అందరూ ఎందుకు మాట మారుస్తారు.. వీటిలో పరువు కోసం దాచినవెన్నో, ఎవరికో సౌకర్యం కోసం దాచినవెన్నో! ఆ గుట్టు మోసేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే.

అందరం బొమ్మలు గీయలేకపోవచ్చు. గీసినవన్నీ అచ్చు వేయించనక్కరా లేదు. కానీ అమ్మమ్మ ఇంకా మన మధ్య ఉంటే, ఈ ఆదివారం భోజనాలయ్యాక టీ పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చోవచ్చు. నువ్వు చదువెందుకు మానేశావని అడగొచ్చు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకోవచ్చు. మనకోసం కాకపోయినా, రేపు ఆ ప్రశ్నే అడగబోయే మనవరాలి కోసం!